రెండు పాయింట్ ఒకటి నాలుగు

మా కాలేజీ లైబ్రరీలో కిటికీ పక్క గోడంతా ఎర్ర అట్టల పుస్తకాలే. బిజినెస్ డిగ్రీలో మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చదివినవాళ్లు ఇరవై ఏళ్లుగా చివరి సంవత్సరంలో చేసిన కంప్యూటర్ సిస్టమ్ ప్రాజెక్టులవి. రేవులో పడవల రాకపోకలకు ఒకటి, రైస్ మిల్లుకు ఒకటి, చర్చిలో బాప్టిజం రికార్డులకు ఒకటి, ఆఖరికి శ్మశానంలో సమాధుల నెంబర్లకు కూడా ఒకటి. ఏది తెరిచినా నాలుగో అధ్యాయం చివర ఒకే మాట ఉంటుంది. వాడినవాళ్లు ఐదుకి నాలుగు పాయింట్ ఆరో, ఏడో వేశారు, కాబట్టి ఈ సిస్టమ్ "అత్యంత ఆమోదయోగ్యం". అన్నీ అంత ఆమోదయోగ్యమైతే ఒక్కటైనా ఎక్కడో ఒకచోట నడుస్తూ ఉండాలి కదా! నేను వెళ్లి కనుక్కున్నాను. ఒక్కటీ నడవడం లేదు. రైస్ మిల్లువాళ్లయితే "ఏ సిస్టమ్? ఆ ఫొటోలు తీసుకున్న పిల్లలా?" అని అడిగారు.

ఆ గోడలో నా పేరున్న పుస్తకం ఒకటుంది. అందులో ఉండాల్సిన పేరు ఒకటి లేదు. ఆ పేరు నెరిస్సా మోలెటా.

నెరిస్సాది మా ఊరే. కాలేజీ ఉన్న ఇలోయిలో నగరానికి జీప్నీలో, అంటే జనాన్ని కుక్కి నడిపే పొడవాటి జీపులో, రెండు గంటలు. మాకంటే ఏడేళ్లు పెద్దది, ఇరవై ఐదో ఏట మొదటి సంవత్సరంలో చేరింది. అందుకే క్లాసులో అందరం ఆమెను మనాంగ్ నెర్, అంటే నెర్ అక్క, అనేవాళ్లం. కొందరు టీచర్లు కూడా నోరుజారి మనాంగ్ అనేసి నాలిక కరుచుకునేవాళ్లు. మనిషి పొట్టి, గొంతు మాత్రం జీప్నీ హారన్‌ను మించింది. క్యాంటీన్‌లో ఎండుచేప, అన్నం డబ్బా తెరిచేది. ఎవరైనా ముక్కు మూసుకుంటే "నీ బర్గర్‌కి అసలు వాసనే లేదు, అది తిండేనా?" అని అడిగేది. కోపం వస్తే దాచుకునేది కాదు. నాకైతే ఆమె దగ్గర మొదట నచ్చింది అదే, తర్వాత భయపెట్టిందీ అదే.

మొదటి రోజు సర్ ఒక్తావియో ఒక్కొక్కరినీ లేపి ఈ కోర్సులో ఎందుకు చేరారని అడిగారు.

"లెక్కలూ తక్కువే, కంప్యూటర్లూ తక్కువే, రెండూ సగం సగం ఉంటాయని చెప్పారు సర్," అన్నాను నేను. అందరూ నవ్వారు.

"మా డాడీ ఫారం నింపేశారు సర్," అంది చెస్కా. మళ్లీ నవ్వారు.

నెర్ లేచింది. "మా ఊరి హెల్త్ సెంటర్లో ఏడేళ్లు వాలంటీర్‌గా చేశాను సర్. కొండమీద ఊరి నుంచి తాతాయ్ అంబో అని ఒక ముసలాయన వచ్చేవాడు. కుక్క కరిచింది. రెండు సూదులు వేశాం. మూడోదానికి మూడు గంటలు నడిచి దిగొచ్చాడు, మందు అయిపోయింది. వచ్చే వారం రమ్మన్నాం. వచ్చే వారమూ లేదు. ఇంక రాలేదు. నెలన్నరకి పోయాడు, ఎలా పోయాడో నేను చెప్పను. ఆ రెండు వారాలూ పక్క ఊరి ఫ్రిజ్‌లో పదకొండు సీసాలున్నాయి సర్. పదమూడు కిలోమీటర్లు. ఉన్నాయని వాళ్ల పుస్తకంలో రాసుంది, లేవని మా పుస్తకంలో రాసుంది. మా పుస్తకం వాళ్లు చూళ్లేదు, వాళ్లది మేం చూళ్లేదు. ఇలాంటిదానికి ఏం చదవాలని అడిగితే ఇది చదవమన్నారు."

సర్ ఒక్తావియో ముఖం వెలిగిపోయింది. "వెరీ గుడ్! దీన్నే మనం ఇన్ఫర్మేషన్ గ్యాప్ అంటాం," అని బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశారు.

"పేరు పెట్టేశారా సర్? అయితే ఇంక బాగుపడినట్టే," అంది నెర్, కూర్చుంటూ.

అప్పుడు మేం పగలబడి నవ్వాం. సర్ నవ్వలేదు. ఆయన ఆ మాటను నాలుగేళ్లు గుర్తుపెట్టుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

ఆ చదువు ఎలా సాగిందో చెబితే బయటివాళ్లు నమ్మరు. ల్యాబ్‌లో ముప్పై కంప్యూటర్లుంటే పదకొండు పనిచేసేవి. ప్రోగ్రామింగ్ పరీక్షలు పసుపు కాగితం మీద పెన్నుతో రాసేవాళ్లం. సమాచార వ్యవస్థల రకాలు ఎన్ని, వాటి లక్షణాలు ఏవి అని బట్టీ కొట్టేవాళ్లం. "ఈ ప్రోగ్రాం నడుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది సర్?" అని నెర్ అడిగితే, "నేను దిద్దితే తెలుస్తుంది," అన్నారు ఒక టీచర్. ఆమె మాత్రం పాఠాన్ని బజారుకు తీసుకెళ్లేది. చేపల బజారుకో, మందుల షాపుకో, మునిసిపాలిటీ కౌంటర్‌కో వెళ్లినప్పుడల్లా ఒక చిన్న నోటుబుక్కులో మూడు ప్రశ్నలకు జవాబు రాసుకునేది. ఎవరు రాస్తున్నారు? ఎవరు చదువుతున్నారు? చదివి ఏం చేస్తున్నారు? ఆ మూడు ప్రశ్నల్లో ఉన్న చదువు మా పాఠ్యపుస్తకాలన్నిటిలో కలిపి లేదని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పట్లో మాకు అది ఆమె పిచ్చి.

మూడో సంవత్సరం చివర ఊరి డాక్టరు ఆమెకు ఒక కబురు పంపాడు. హెల్త్ సెంటర్‌లో రికార్డుల అధికారి అని కొత్త పోస్టు వస్తోంది. మా కోర్సు డిగ్రీ ఉండి తీరాలి. జూన్ వరకూ ఎవరినీ వేయకుండా మేయర్ ఆపుతానన్నాడు. నెర్ స్కాలర్‌షిప్ కూడా ఆ జూన్‌తోనే ఆఖరు. అంటే ప్రాజెక్టు పాసైతే డిగ్రీ, డిగ్రీ వస్తే ఆ కుర్చీ. కుక్కకాటు మందు ఏ ఊళ్లో ఎంతుందో రోజూ అందరికీ తెలిసేలా చేయడానికి ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లకే అధికారం. ఆమె నాలుగేళ్లు ఎండుచేపలు తిని చదివింది దాని కోసమే.

ప్రాజెక్టుకు ముగ్గురం ఒక గ్రూపు. నెర్, చెస్కా, నేను. పని ఎవరు చేశారంటే, నేను కంప్యూటర్ తెరల రంగులు ఎంచాను, చెస్కా ప్రింటింగ్ చూసుకుంది, మిగతాదంతా నెర్ చేసింది. హెల్త్ సెంటర్‌లో ఉన్న పాత కంప్యూటర్లో మందు వచ్చినప్పుడల్లా, వాడినప్పుడల్లా నమోదు చేయాలి. రోజూ పొద్దున్నే కొండమీద ఊళ్లలోని వాలంటీర్ల ఫోన్లకు, వాళ్ల నుంచి ఊరివాళ్ల ఫోన్లకు "ఈరోజు ఇన్ని ఉన్నాయి" అని మెసేజ్ వెళుతుంది. అంతే సిస్టమ్. ఆరు వారాలు నడిపి చూడాలని ఫిబ్రవరిలో మొదలుపెట్టాం.

మూడు వారాలు బాగానే నడిచింది. నాలుగో వారం, ఒక మంగళవారం పదిన్నరకి, ఒకావిడ అద్దె మోటర్‌సైకిల్ మీద కొండ దిగి వచ్చింది. ఒళ్లో ఆరేళ్ల కూతురు. పిల్ల చెంప మీద కుక్క పళ్ల గాట్లు. ఆవిడ ఫోన్ చూపించింది. మెసేజ్‌లో నాలుగు అని ఉంది. నర్స్ పెర్ల ఫ్రిజ్ తెరిచింది. ఒక్కటీ లేదు. క్యూలో జనం ఎక్కువై ముందురోజు మధ్యాహ్నం నుంచి ఆమె కంప్యూటర్లో ఎక్కించడం మానేసింది.

నెర్, నేను అక్కడే ఉన్నాం. ఆ తల్లి మా మీద విరుచుకుపడింది. "ఇంతకుముందు ఉందో లేదో తెలీక వచ్చేవాళ్లం. ఇప్పుడు ఉందని చెప్పి మీరే రప్పించి లేదంటారా? పొద్దున్నే పక్క ఊరికే పోయేదాన్ని కదా! దేనికమ్మా నీ కంప్యూటరు, తగలెయ్యడానికా?"

నెర్ వాళ్లతో పాటు అదే మోటర్‌సైకిల్ ఎక్కి పక్క ఊరికి వెళ్లింది. మధ్యాహ్నానికి పిల్లకు సూది పడింది. తిరిగొచ్చి చేసిన మొదటి పని, మెసేజ్‌లు ఆపేయడం. రెండో పని, పెర్ల దగ్గర కూర్చోవడం. తిడుతుందేమో అనుకున్నాను.

"ఎందుకు ఎక్కించలేదు పెర్లా?" అని అడిగింది, మామూలు గొంతుతో.

"ప్రావిన్స్ ఆఫీసువాళ్లకి సిరాతో రాసిన పుస్తకమే కావాలి. ప్రింటు తీసిస్తే మొహాన కొడతారు. పుస్తకంలో ఒకసారి, నీ దాంట్లో ఒకసారి. బయట నలభై మంది. నాకున్నవి రెండు చేతులే నెర్, ఇంకో రెండు నీ దగ్గరుంటే ఇచ్చిపో."

జీప్నీ స్టాండ్ దాకా నెర్ గబగబా నడిచింది. అక్కడ తన నుదుటిని అరచేత్తో ఠప్పున కొట్టుకుంది. "ఎవరు రాస్తారు అని అడిగానురా ఎల్మార్. ఎన్నిసార్లు రాస్తారు అని అడగలేదు. నాలుగేళ్లు చదివి ఆ ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడేళ్లు ఆ పుస్తకం నేనే రాశాను కదా, నాకు తెలీదా?"

చివర్లో వాడినవాళ్ల దగ్గర అభిప్రాయ పత్రాలు తీసుకోవాలి. ఒక్కో ప్రశ్నకు ఒకటి నుంచి ఐదు వరకు వేయాలి. ఆ సిస్టమ్‌ను నిజంగా ముట్టుకున్నవాళ్లు పన్నెండు మంది. నెర్ పన్నెండు పత్రాలు తెచ్చింది. సగటు రెండు పాయింట్ ఒకటి నాలుగు.

మా గైడ్ మామ్ లిగాయా ఆ అంకె చూసి కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూసింది. "ముప్పై మంది ఉండాలి. పైగా రెండు పాయింట్ ఏమిటమ్మా? మన డిపార్ట్‌మెంట్‌లో నాలుగుకి తక్కువ ఎప్పుడూ రాలేదు. నీ సిస్టమ్ పనికిరాదని నువ్వే రాసుకున్నట్టుంది."

"అవును మామ్. అదే రాశాను. ఎందుకు పనికిరాదో కూడా రాశాను, ఐదో అధ్యాయం చూడండి. ప్రావిన్స్ ఆఫీసు ప్రింటు తీసుకునేదాకా దీన్ని మళ్లీ వదలకూడదు. వదిలితే జనం తప్పుడు అంకె నమ్ముకుని వస్తారు."

"అది నీ సమస్య కాదు. సిస్టమ్ తయారుచేయడం వరకే నీ పని."

"మరి ఈ కోర్సు పేరులో మేనేజ్‌మెంట్ అని ఎందుకు పెట్టారు మామ్?"

మామ్ లిగాయా నిట్టూర్చింది. చెడ్డ మనిషి కాదు, రెండేళ్లలో రిటైర్ కాబోతోంది. "సర్వే మళ్లీ చేయండి," అంది. అది అన్నప్పుడు నెర్ వైపు చూడలేదు. చెస్కా వైపు, నా వైపు చూసింది. మాకు అర్థమైపోయింది.

శనివారం మధ్యాహ్నం చెస్కా ఉండే బోర్డింగ్ హౌస్‌లో కూర్చుని ముప్పై పత్రాలు నేనే నింపాను. నీలం, నలుపు, ఇంకో రకం నీలం, మూడు పెన్నులు. కొన్ని ఎడమచేత్తో. అన్నీ ఐదులు వేస్తే అనుమానం వస్తుందని అక్కడక్కడా నాలుగు వేశాను, ఎవరో ముసలావిడ నింపినట్టు రెండింటిని నలిపాను. చెస్కా పక్కన కూర్చుని పుల్లకు గుచ్చిన తీపి అరటికాయ వేపుడు, బనానా క్యూ, తింటూ, "వీటికి కాస్త చక్కెర పాకం అంటించవా, నేచురల్‌గా ఉంటుంది," అంది. ఇద్దరం నవ్వుకున్నాం. లెక్కేస్తే నాలుగు పాయింట్ ఆరు ఎనిమిది. ఈ పని మా బ్యాచ్‌లో అందరూ చేశారు, మా ముందు బ్యాచ్‌వాళ్లూ చేశారు, వాళ్లే ఎలా చేయాలో మాకు నేర్పారు. నాలుగేళ్లలో సీనియర్లు మనస్ఫూర్తిగా నేర్పిన విద్య అదొక్కటే. అందరూ చేశారని చెప్పి నన్ను నేను వెనకేసుకు రావడం లేదు. ఆ రోజు నాకు సిగ్గు కూడా వేయలేదు, అది చెబుతున్నాను.

టీచర్లు ప్రాజెక్టు విని తీర్పు చెప్పే రోజున ప్యానెల్‌కు భోజనం పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. పెట్టొద్దని ప్రతి ఏడూ నోటీసు అంటిస్తారు. ప్రతి ఏడూ ఆ నోటీసు కిందే బల్ల వేసి పెడతారు. చెస్కా రెండు కాల్చిన కోళ్లు, పెద్ద పళ్లెంలో పాన్సిత్ నూడుల్స్, మామిడి కేకు తెప్పించింది. మేం బిగుతు బూట్లు వేసుకుని పొద్దున్నుంచి ఏమీ తినకుండా వరండాలో నిలబడ్డాం. ఇరవై నిమిషాల ముందు, చెస్కా ల్యాప్‌టాప్‌లో స్లయిడ్లు తిప్పుతుంటే నెర్ వెనకనుంచి చూసింది.

"ఆగు. వెనక్కి తిప్పు. ఆ నాలుగు పాయింట్ ఆరు ఎనిమిది ఎక్కడిది?"

చెస్కా మూత సగం దించింది.

"ఎల్మార్, నిన్నే. ఎక్కడిది?"

"మామ్ మళ్లీ చెయ్యమంది కదా మనాంగ్..."

"చేశావా? ఎవర్ని అడిగావు? పెర్లని అడిగావా? ఆ పిల్ల తల్లిని అడిగావా?"

"కాస్త మెల్లిగా, లోపల వినిపిస్తుంది," అంది చెస్కా. "అక్కా, నీ కోసమే కదా చేశాం. నీకే ఉద్యోగం. జూన్ దాటితే నీకే పోతుంది, మాకేం?"

"నా పేరు చెప్పకు. దీన్ని అత్యంత ఆమోదయోగ్యం అని రాస్తే మేయర్ వచ్చేవారమే రిబ్బన్ కత్తిరిస్తాడు. మెసేజ్‌లు మళ్లీ మొదలవుతాయి. ఇంకో పిల్ల ఇంకో చెంప పట్టుకుని దిగుతుంది. మార్చు."

"మార్చను," అంది చెస్కా. అంత కచ్చితంగా చెస్కా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. అంతలో మా పేర్లు పిలిచారు.

లోపల సర్ ఒక్తావియో అధ్యక్షుడు, ఆయనకు అటూ ఇటూ ఇద్దరు. మేం చెబుతుంటే వాళ్లు తింటున్నారు. నెర్ తన భాగం చెప్పింది, తాతాయ్ అంబో పేరు చెప్పకుండా, తడబడకుండా. సర్ ఒక్తావియో కోడికాలు పట్టుకునే, "ఇందులో కృత్రిమ మేధ ఎక్కడుంది?" అని అడిగారు. లేదంది. "మొబైల్ యాప్?" అదీ లేదంది. "అయ్యో, ఈ కాలంలో అది లేకపోతే ఎలా?" అన్నారు పక్కాయన, పాన్సిత్ మీద నిమ్మకాయ పిండుకుంటూ. ఆ మందు అసలు కొండమీదివాళ్లకు అందుతోందా అని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. ఒక్కరంటే ఒక్కరు!

నా వంతు వచ్చింది. నేను స్లయిడ్ చూపించి, "ముప్పై మంది వినియోగదారుల సగటు నాలుగు పాయింట్ ఆరు ఎనిమిది, అంటే అత్యంత ఆమోదయోగ్యం," అని చదివాను. సర్ ఒక్తావియో చేతులు తుడుచుకుని చప్పట్లు కొట్టారు. అయిపోయింది, పాసయ్యాం. నెర్ కుర్చీ, నెర్ ఉద్యోగం, అన్నీ ఖాయం. నోరు మూసుకుని ఇంకో నిమిషం నిలబడితే చాలు.

"సర్, ఆ అంకె అబద్ధం," అంది నెర్.

ఆయనకు ఆశ్చర్యం వేయలేదు. అదే నన్ను ఇప్పటికీ మండిస్తుంది. ఒక విద్యార్థి లేచి ఇది దొంగ లెక్క అంటే అధ్యక్షుడి ముఖంలో కనిపించింది విసుగు. "మిస్ మోలెటా, నువ్వు కంగారులో ఉన్నట్టున్నావు. కాసిని మంచినీళ్లు తాగి రా."

"కంగారేం లేదు సర్. ఆ ముప్పై మంది ఎవరో పేర్లు చదవమనండి."

మామ్ లిగాయా గోడ పక్కనుంచి, "నెర్, వద్దమ్మా," అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా అంతకంటే ఒక్క మాట ముందుకు రాలేదు.

సర్ ఒక్తావియో నా వైపు తిరిగారు. "ఎల్మార్, నువ్వు చెప్పు. ఈ పత్రాలు నిజమేనా?"

బల్ల మీద ఆ ముప్పై పత్రాలున్నాయి. పైదాన్ని తీసి చూస్తే చాలు, ఐదు నిమిషాల్లో దొరికిపోతాం. ఎవరూ తీయలేదు. నెర్ నన్ను చూస్తోంది. తిట్టినట్టు కాదు, జవాబు కోసం చూస్తున్నట్టే చూస్తోంది.

"నిజమే సర్," అన్నాను.

నెర్ ఇంక నా వైపు చూడలేదు. సంచిలోంచి తన పన్నెండు పత్రాలు తీసి, కింద రాసినవి చదవడం మొదలుపెట్టింది. "'రెండుసార్లు రాయాల్సి వస్తోంది.' ఇది నర్స్ పెర్ల. 'కరెంటు పోయినప్పుడు పాత అంకే వెళ్లింది.' ఇది వాలంటీర్ నానాయ్ కోరింగ్. 'మెసేజ్ నమ్మి ఇద్దర్ని పంపాను, తిరిగొచ్చి నన్ను తిట్టారు, ఇంక నమ్మను.'"

"మిస్ మోలెటా, ఇది ఫిర్యాదులు చెప్పుకునే చోటు కాదు."

"మరి ఎక్కడ చెప్పుకోవాలి సర్? మొదటి రోజు మీరే బోర్డు మీద పేరు రాశారు కదా, దీనికి."

ఆయన మొహం ఎర్రబడింది. నాలుగేళ్ల కిందటి మాట అప్పుడు బయటికొచ్చింది. "నీకు మొదటి రోజు నుంచీ నోరెక్కువ," అన్నారు.

తీర్పు పావుగంటలో వచ్చింది. ఎల్మార్, చెస్కా పాస్. గ్రూపుతో సహకరించనందుకు మిస్ మోలెటా పేరు తీసేశాం, ఆమె వచ్చే ఏడు విడిగా ప్రాజెక్టు ఇవ్వవచ్చు. అదే సిస్టమ్‌ను సరిదిద్ది ఇస్తానని ఆమె ఆఫీసులో దరఖాస్తు పెట్టింది. ఒకసారి ఆమోదం పొందిన సిస్టమ్‌ను మరొకరు మళ్లీ ఇవ్వకూడదని జవాబు వచ్చింది. మరొకరట! ప్రతి అక్షరం ఆమె రాసిన సిస్టమ్‌కు ఆమె మరొకరు, రంగులు ఎంచిన నేను యజమాని. స్కాలర్‌షిప్ ముగిసింది. జూన్ దాటింది. మేయర్ రిబ్బన్ కత్తిరించాడు. పెద్ద ఫ్లెక్సీ కట్టారు, అందులో ఆయన మొహం తలుపంత ఉంది, నాదీ చెస్కాదీ తపాలా బిళ్లంత.

రికార్డుల అధికారి పోస్టు నాకు వచ్చింది.

అవును, నేనే. మా ఊళ్లో ఆ డిగ్రీ ఉన్నది నా ఒక్కడికే. దరఖాస్తు పెట్టకుండా ఉండొచ్చు. పెట్టాను. సిగ్గుపడ్డానా అంటే పడ్డాను, కుర్చీ మాత్రం వదల్లేదు. మందు ఎంతుందో పెర్ల ముందు పుస్తకంలో రాస్తుంది, తీరిక దొరికితే కంప్యూటర్లో ఎక్కిస్తుంది, తీరిక దొరకదు. మెసేజ్‌లు పోతూనే ఉంటాయి. ప్రావిన్స్ ఆఫీసుకు ప్రింటు సంగతి నేను రెండు ఉత్తరాలు రాశాను. నెర్ అయితే వెళ్లి వాళ్ల గుమ్మంలో కూర్చునేది. నేను ఉత్తరాలు రాసి ఊరుకున్నాను.

నెర్ మళ్లీ వాలంటీర్‌గా చేరింది. మా హెల్త్ సెంటర్ ఎదురుగా జీప్నీలు ఆగేచోట వాళ్ల పిన్ని తినుబండారాల బడ్డీ ఉంది. రోజూ పొద్దున ఆరున్నరకి తన ఫోన్ నుంచి ఐదు ఊళ్ల నర్సులకు ఫోన్ చేస్తుంది. ఒక్కొక్కరితో అర నిమిషం. బిస్కెట్ల పెట్టె అట్ట ముక్క మీద ఐదు ఊళ్ల పేర్లు, ఐదు అంకెలు లావు స్కెచ్ పెన్నుతో రాసి బడ్డీకి వేలాడదీస్తుంది. మధ్యాహ్నం ఇంకోసారి చేసి దిద్దుతుంది. కొండ దిగి వచ్చేవాళ్లు జీప్నీలోంచే అట్ట చూస్తారు. మా ఊళ్లో సున్నా ఉంటే అసలు దిగనే దిగరు, ఏ ఊళ్లో ఉందో చూసుకుని అదే జీప్నీలో ముందుకు పోతారు. రెండేళ్లలో ఆ అట్ట ఒక్కరిని కూడా ఊరికే తిప్పలేదు. మా సిస్టమ్ మెసేజ్‌లను కొండమీదివాళ్లు చదవడం మానేశారు. ఒకతను నా ముందే ఫోన్ తీసి, "ఇదేదో లాటరీ మెసేజ్," అని చెరిపేశాడు.

పోయిన నెలలో మేయర్ ఆఫీసు నుంచి నాకు ఒక కాగితం వచ్చింది. అధికారిక వ్యవస్థ ఉండగా బయట అనధికార సమాచారం ప్రదర్శిస్తున్నారు, సంబంధిత అధికారి వెంటనే తొలగించాలి. సంబంధిత అధికారిని నేనే. కాగితం రెండు రోజులు సొరుగులో పెట్టి, మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి జేబులో వేసుకుని రోడ్డు దాటాను.

బడ్డీ ముందు ఒక తల్లి, పిక్కకు గుడ్డ చుట్టిన పిల్లాడితో నిలబడి ఉంది. నెర్ ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతోంది. ఈ రెండేళ్లలో మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె ఫోన్ పెట్టేసి, నేను జేబులోంచి తీసి మడత విప్పిన కాగితం, దాని మీది సీలు చూసింది. చదవనక్కర్లేకపోయింది.

"తీయడానికొచ్చావా?"

నేను కాగితం మళ్లీ మడతపెట్టాను.

"తియ్యి. మేకు వదులుగానే ఉంది," అంది. "కాకపోతే ఈవిడకి చెప్పి తియ్యి, మందు ఉందో లేదో. మన ఊరి అంకె ఇవాళ ఇంకా రాయలేదు, పెర్ల ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు అధికారివి కదా. ఎన్ని ఉన్నాయి?"

జేబులోంచి ఫోన్ తీసి సిస్టమ్ తెరిచాను. తొమ్మిది అని ఉంది. తొమ్మిది అని నోటిదాకా వచ్చింది. ఆ తల్లి నా నోటి వైపే చూస్తోంది. పిల్లాడు పిక్క పట్టుకుని ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"చెప్పు ఎల్మార్. నీ పేరున్న సిస్టమే కదా," అంది నెర్. గొంతు లేవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

నేను వెనక్కి తిరిగి రోడ్డు దాటి, క్యూను తోసుకుంటూ లోపలికి వెళ్లాను. ఆ ఆఫీసులో చేరిన తర్వాత ఆ ఫ్రిజ్ తలుపు తెరవడం నాకు అదే మొదటిసారి. రెండున్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. రెండే. అందులో ఒకదాన్ని పెర్ల క్యూలో ముందున్న ముసలాయన కోసం అప్పుడే చేతిలోకి తీసుకుంది.

తిరిగి వచ్చేసరికి నెర్ స్కెచ్ పెన్ను చాచి పట్టుకుని ఉంది. నేను అట్ట మీద మా ఊరి పేరు పక్కన ఒకటి అని రాశాను.

ఆ తల్లి అంకెను చూసింది, నన్ను చూసింది, అనుమానంగా నెర్ వైపు తిరిగింది. "ఈయన మాట నమ్మొచ్చా?"

"ఇప్పుడు నమ్మొచ్చు," అంది నెర్. "ఇప్పుడే వెళ్లి చూసొచ్చాడు. తొందరగా పో, ఒక్కటే ఉంది."